పెద్ద సెన్సర్... ఎవరికి అన్నం పెడుతుంది?

ఒకప్పుడు దాని ధరకి చిన్న ఊళ్లో ఓ ఇల్లు వచ్చేది. ఇప్పుడు చిన్న కారు ధరకి దిగింది. మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా మామూలు స్టూడియో యజమాని కూడా ఆశపడేంత దగ్గరికి వచ్చేసింది. వచ్చింది సరే... అప్పుచేసి కొంటే ఆ డబ్బు తిరిగొస్తుందా?

‘ఎన్ని మెగాపిక్సెళ్లు?’

కెమెరా కొనేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే. అమ్మేవాళ్లు మొదట చెప్పే మాటా ఇదే. ఆ లెక్కన 100 మెగాపిక్సెళ్ల మీడియం ఫార్మాట్‌ది ముందువరసే. ఇంటర్నెట్లో దాంతో తీసిన ఫొటోలు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. పట్టుచీర మీది జరీ పోగుల్ని విడివిడిగా చూడొచ్చు. సరదాకి ఫొటోలు తీసేవాళ్లకి ఇంతకుమించి కారణం అక్కర్లేదు. కానీ కెమెరానే నమ్ముకుని ఇల్లు నడిపేవారి సంగతి వేరు. పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు చాలావరకు సెల్‌ఫోన్లు తన్నుకుపోయాయి. పెళ్లిళ్ల సీజన్ బాగుంటేనే వాయిదాలు కట్టగలిగే పరిస్థితి. అలాంటివారికి కెమెరా ఎంత గొప్పదన్నది కాదు ప్రశ్న. తమ గిరాకీకి దాని అవసరం ఉందా లేదా అన్నదే.

స్టూడియోలకి పాత చుట్టమే

నిజానికి మీడియం ఫార్మాట్ మన స్టూడియోలకి కొత్తేమీ కాదు. మెడలో వేలాడదీసుకుని, పొట్ట దగ్గర పెట్టుకుని, తలవంచి పైనుంచి చూస్తూ ఫొటో తీసే యాషికా కెమెరాలు గుర్తున్నాయా? పైన ఒక లెన్సు, కింద ఒక లెన్సు ఉండే ఆ కెమెరాలు మీడియం ఫార్మాట్‌వే. వాటిలో వేసే 120 రోల్‌కి పన్నెండే ఫొటోలు. ఒక్కో నెగెటివ్ దాదాపు 6 సెంటీమీటర్ల చదరం. నెగెటివ్ అంత పెద్దది కాబట్టే దానిమీద పెన్సిల్‌తో టచింగ్ చేసి మొహంమీది మచ్చలు మాయం చేయగలిగేవారు. 1969లో చంద్రుడి మీద అపోలో-11 వ్యోమగాములు వాడిన హాసెల్‌బ్లాడ్ కూడా ఈ కుటుంబంలోదే.

35 ఎంఎం రీలు కంటే పెద్దది, ఒక్కో షీటుగా వచ్చే 4×5 అంగుళాల ఫిల్మ్ కంటే చిన్నది... ఈ మధ్యస్థ సైజునే మీడియం ఫార్మాట్ అంటారు. 35 ఎంఎం రీలుకి 36 ఫొటోలు రావడం, చిన్నసైజు కెమెరాలు చవగ్గా దొరకడంతో పెళ్లిపందిళ్లలో యాషికాల కాలం ముగిసింది. అంటే నాణ్యత ఎక్కువని తెలిసినా మార్కెట్టు ఓసారి దాన్ని పక్కన పెట్టింది. ఎందుకు పెట్టిందో మర్చిపోకుండా ఉంటే ఇప్పటి నిర్ణయం సులువవుతుంది.

పెద్దదంటే ఎంత పెద్దది?

ఫుల్‌ఫ్రేమ్ అని పిలిచే 35 ఎంఎం డిజిటల్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. ఫ్యూజీ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరుస కెమెరాల్లో ఉండేది దాదాపు 44×33. వైశాల్యంలో 1.7 రెట్లు. ఫేజ్‌వన్ లాంటి ఖరీదైన వాటిలో 53×40 సెన్సర్ ఉంటుంది. అది రెండున్నర రెట్లు. పాత యాషికా నెగెటివ్ వైశాల్యం మూడున్నర రెట్లకు పైనే! అంటే డిజిటల్లో అందుబాటు ధరకి దొరుకుతున్న ‘మీడియం’, ఫిల్మ్ రోజుల మీడియం కంటే బాగా చిన్నదన్నమాట.

1.7 రెట్ల వైశాల్యం అంటే వెలుతురు లెక్కలో ముప్పావు స్టాపు లాభం. నీడల్లో వివరం కాస్త ఎక్కువ దక్కుతుంది. చర్మం రంగులో మార్పులు మెత్తగా కలిసిపోతాయి. లాభమే, కాదనలేం. కానీ కొండంత తేడా మాత్రం కాదు.

వెనక బ్యాక్‌గ్రౌండ్ మసకబారి మనిషి మాత్రం మెరిసిపోయే ‘బ్లర్’ కోసమే అయితే దీనికి అంత పెట్టక్కర్లేదు. 44×33 సెన్సర్ మీద ఎఫ్/2.8 లెన్సు ఇచ్చే బ్లర్, ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్/2.2 ఇచ్చేదానితో సమానం. ఫుల్‌ఫ్రేమ్‌కి ఎఫ్/1.8, ఎఫ్/1.4 లెన్సులు ఎప్పట్నుంచో ఉన్నాయి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

ధర ఎలా దిగింది?

1990ల మొదట్లో వచ్చిన తొలితరం డిజిటల్ బ్యాకులు 4 మెగాపిక్సెళ్లవి. ఫిల్మ్ కెమెరా వెనక తగిలించేవారు. రంగుల ఫొటో కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో మూడుసార్లు తీయాలి. కాబట్టి కదలని వస్తువులకే పనికొచ్చేవి. 2000ల మధ్యకి 39 మెగాపిక్సెళ్ల బ్యాకులు వచ్చాయి. ధర 30 వేల డాలర్ల దరిదాపుల్లో! అదే కాలంలో, 2005లో, 12.8 మెగాపిక్సెళ్ల కానన్ 5డి ధర 3,299 డాలర్లు. పెద్ద ప్రకటనల కంపెనీలకి పనిచేసేవాళ్లు తప్ప మిగతావాళ్లంతా ఎటు వెళ్లారో చెప్పక్కర్లేదు.

2010లో పెంటాక్స్ 645డి పది వేల డాలర్ల లోపు వచ్చింది. 2014లో సీమాస్ సెన్సర్లు రావడం అసలు మలుపు. అంతకుముందున్న సీసీడీ సెన్సర్లు స్టూడియో లైట్లలోనే మురిపించేవి. వెలుతురు తగ్గి ఐఎస్ఓ పెంచితే చాలు, ఫొటో నిండా ఇసుక చల్లినట్టు నాయిస్ వచ్చేది. సీమాస్‌తో ఆ బెడద తగ్గింది. 2016లో అద్దం లేని హాసెల్‌బ్లాడ్ ఎక్స్1డి వచ్చింది. 2017లో ఫ్యూజీ జీఎఫ్ఎక్స్ 50ఎస్ 6,499 డాలర్లకి అమ్మకానికొచ్చింది. 2019లో 102 మెగాపిక్సెళ్ల జీఎఫ్ఎక్స్100 ధర 9,999 డాలర్లు. అదే మెగాపిక్సెళ్లతో 2024లో వచ్చిన 100ఎస్2 విడుదల ధర అందులో సగం... 4,999 డాలర్లు. అంటే బాడీ ఒక్కటే నాలుగు లక్షల రూపాయల పైచిలుకు. మన దగ్గర పన్నులు అదనం. లెన్సులు మళ్లీ అదనం.

ఆల్బమ్ చెప్పే నిజం

పెళ్లిళ్లే ప్రధాన ఆదాయమైన స్టూడియోవారు మొదట తమ ఆల్బమ్‌నే ముందు పెట్టుకోవాలి. మన దగ్గర బాగా నడిచే సైజు 12×36. తెరిస్తే ఎదురెదురుగా 12×18 పేజీలు రెండు. ల్యాబ్‌లో అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేస్తారనుకుంటే, పేజీ నిండా ఒకే ఫొటో వేసినా దానికి కావాల్సింది 5400×3600 పిక్సెళ్లు. అంటే 19.4 మెగాపిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాకి ఇంకా మిగులే! పైగా సాధారణంగా ఒక్కో షీటుమీద నాలుగైదు ఫొటోలు ఉంటాయి. రెండు పేజీలమీదా ఒకే ఫొటో పరిస్తే 24 మెగాపిక్సెళ్లకి అంగుళానికి 166 చుక్కలే దక్కుతాయి. దగ్గర్నుంచి చూస్తే కాస్త మెత్తగా అనిపించొచ్చు. 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ ఉంటే అది 229 అవుతుంది. ఆ కొరతా చాలావరకు తీరిపోతుంది.

ఆల్బమ్ సంగతి అదైతే వాట్సప్‌లో పంపేవాటి సంగతేమిటి? మామూలు సెల్‌ఫోన్ తెర రెండున్నర మెగాపిక్సెళ్లు. 4కె టీవీ ఎనిమిది పైచిలుకు. వంద మెగాపిక్సెళ్లతో తీసినా అక్కడ కనిపించేది అంతే.

మెగాపిక్సెళ్లలో ఇంకో మాయ ఉంది. 61 నుంచి 102కి వెళ్లడమంటే దాదాపు రెట్టింపులా వినిపిస్తుంది. కానీ అడ్డంగా కొలిస్తే 9,504 పిక్సెళ్లు 11,648 అవుతాయి. పెరిగింది 23 శాతమే. గోడమీద పక్కపక్కన రెండు ప్రింట్లు పెట్టి ‘ఏది ఏ కెమెరాతో తీశారో చెప్పండి’ అంటే చాలామంది తడుముకోవాల్సిందే.

హోర్డింగ్ అంటే భయపడక్కర్లేదు

‘మరి పెద్ద పెద్ద హోర్డింగులకి?’ అని అడుగుతారు కొందరు. ఫొటో ఎంత పెద్దగా వేస్తే అన్ని మెగాపిక్సెళ్లు కావాలన్నది చాలామందికి ఉన్న అపోహ. కావాల్సింది సైజుని బట్టి కాదు, చూసే దూరాన్ని బట్టి. ఆరోగ్యంగా ఉన్న కన్ను పది అడుగుల దూరం నుంచి అంగుళానికి సుమారు 30 చుక్కలకి మించి విడదీసి చూడలేదు. 30 అడుగుల నుంచైతే పది చుక్కలే. ఆ లెక్కన 20×10 అడుగుల హోర్డింగ్‌ని రోడ్డుకి అవతలి నుంచి చూసేవాళ్లకి 2400×1200 పిక్సెళ్లు చాలు. అంటే మూడు మెగాపిక్సెళ్ల లోపు! ముక్కు ఆనించి చూసే ఆరడుగుల ఎగ్జిబిషన్ ప్రింటుకి దానికంటే ఎన్నో రెట్లు కావాలి. కాబట్టి ఫ్లెక్సీల కోసం మీడియం ఫార్మాట్ కొనడం ఉత్త దండగ.

ఎక్కడ కాసులు రాలుస్తుంది?

అలాగని అది ఎందుకూ కొరగానిదేం కాదు. దగ్గర్నుంచి పరీక్షగా చూసే ఫొటోలు కావాల్సిన చోట, కదలని వస్తువు ముందు, లైట్లు మన చేతిలో ఉన్న చోట దాని తడాఖాయే వేరు.

అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది కళాఖండాల ఫొటోలు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం వాళ్లు రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ని వంద మెగాపిక్సెళ్ల హాసెల్‌బ్లాడ్ కెమెరాతో ముక్కలు ముక్కలుగా 8,439 ఫొటోలు తీశారు. వాటిని కలిపి 717 గిగాపిక్సెళ్ల ఒకే చిత్రాన్ని తయారుచేసి 2022లో విడుదల చేశారు. అందులో పిక్సెల్‌కీ పిక్సెల్‌కీ మధ్య దూరం మిల్లీమీటరులో రెండు వందలో వంతు. రంగు ఎక్కడ పెచ్చులూడుతోందో పరిశీలించడానికి ఉపయోగపడే ఫొటో అది.

అంత భారీగా కాకపోయినా అలాంటి పని మన దగ్గరా ఉంది. కలంకారీ వస్త్రాలు, చేర్యాల పటాలు, తాళపత్రాలు, పాత ఫొటోలు, దస్తావేజులు... వీటిని భద్రపరచాలన్నా, పుస్తకంగా వేయాలన్నా ఫొటోలు తీయాల్సిందే. రెండడుగుల వెడల్పున్న కలంకారీ ముక్కని 24 మెగాపిక్సెళ్లతో ఒకేసారి తీస్తే అసలు సైజులో అంగుళానికి 250 చుక్కలు వస్తాయి. 102 మెగాపిక్సెళ్లతో 485. నాలుగు ముక్కలుగా తీసి కంప్యూటర్లో అతికించే పని తప్పుతుంది. ఒకటీ అరా అయితే అతికించుకోవచ్చు. ఐదు వందల వస్త్రాలు తీయాలంటే? అక్కడ మిగిలే రోజులే లాభం.

రెండోది నగలు, చీరల కేటలాగులు. ఒకే ఫ్రేములో తళుక్కుమనే రాయి, దానిపక్కనే నల్ల వెల్వెట్. మెరుపు తెల్లగా మాడిపోకూడదు, నలుపు బురదలా అలుక్కుపోకూడదు. ఇక్కడ పెద్ద సెన్సర్ ఇచ్చే వెసులుబాటు కనిపిస్తుంది. నిలువెత్తు మోడల్‌ని ఒక్కసారి తీసి, అందులోంచే నడుము వరకు ఒక ఫొటో, అంచు డిజైన్ ఒక ఫొటో కత్తిరించుకోవచ్చు. ఫ్రేములో సగం తీసేసినా ఇంకా 50 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. కొన్ని కెమెరాల్లో సెన్సర్‌ని వెంట్రుకవాసి జరుపుతూ వరసగా ఫొటోలు తీసి కలిపే సౌకర్యం ఉంది. దాంతో రంగులు మరింత కచ్చితంగా వస్తాయి. అయితే వస్తువు, కెమెరా రెండూ అంగుళం కాదు కదా, ఆవగింజంత కూడా కదలకూడదు.

ఒక్క జాగ్రత్త. సన్నని నేత మీద ఇంద్రధనుస్సులాంటి దొంగ అలలు కనిపించడం ఉంటుంది. దాన్ని మోరే అంటారు. పెద్ద సెన్సర్ ఉన్నంత మాత్రాన ఆ బెడద పోదు. కెమెరాని కాస్త ముందుకో వెనక్కో జరిపి తీసి, అక్కడికక్కడే పెద్దగా చేసి చూసుకోవాలి. నగల దగ్గర ఇంకో చిక్కు. ఉంగరం ముందువైపు ఫోకస్ అయితే వెనకవైపు మసకవుతుంది. పెద్ద సెన్సర్‌తో అది ఇంకాస్త ఎక్కువ. ఫోకస్ మారుస్తూ పదీ ఇరవై ఫొటోలు తీసి కలుపుకోవాల్సిందే.

మూడోది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఫ్లాష్ వాడటం. ఆకాశాన్ని ముదురు నీలంగా ఉంచి మోడల్‌ని మెరిపించాలంటే షట్టర్ వేగం పెంచాలి. మామూలు కెమెరాల్లో సెకనులో 200 లేదా 250వ వంతు దాటితే ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడదు. హై స్పీడ్ సింక్ అనే ఉపాయం ఉంది కానీ దాంతో ఫ్లాష్ శక్తి పడిపోతుంది. హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరుసలో షట్టర్ లెన్సులోనే ఉంటుంది. లెన్సుని బట్టి 2000వ వంతు, కొత్తవాటిలో 4000వ వంతు వరకూ ఫ్లాష్ పూర్తి బలంతో పనిచేస్తుంది. అయితే అన్ని మీడియం ఫార్మాట్లూ ఇంతే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. లెన్సులు మార్చుకునే ఫ్యూజీ జీఎఫ్ఎక్స్‌లలో షట్టర్ బాడీలో ఉంటుంది. వాటి హద్దు 125వ వంతే. ఫుల్‌ఫ్రేమ్ కంటే తక్కువ!

ఎక్కడ చేతులెత్తేస్తుంది?

జీలకర్ర-బెల్లం ముహూర్తం రెండోసారి రాదు. తలంబ్రాలు పోసేటప్పుడు పెళ్లికూతురి నవ్వు రెండు క్షణాలకి మించి ఉండదు. ఇక్కడ కావాల్సింది వేగం. జీఎఫ్ఎక్స్100ఎస్ లాంటివి సెకనుకి ఐదు ఫొటోలు, ఎక్స్2డి మూడు పైచిలుకు తీస్తాయి. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు ఇరవై, ముప్పై సునాయాసంగా తీస్తున్నాయి. కంటిని పట్టుకుని వదలకుండా వెంటాడే ఆటోఫోకస్ కూడా వాటిలోనే చురుగ్గా ఉంటుంది. రాత్రి పెళ్లి, మసక లైట్లు, అటూ ఇటూ తోసుకునే బంధువులు... ఇలాంటి చోట 100 మెగాపిక్సెళ్ల ఫోకస్ తప్పిన ఫొటో కంటే 24 మెగాపిక్సెళ్ల సరైన ఫొటోనే మేలు. ఆటలు, వార్తలు, పక్షుల ఫొటోలు తీసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఫ్యూజీ వరుసలో ఇప్పటివరకూ వచ్చిన అతి పొడవైన లెన్సు 2024లో విడుదలైన 500 ఎంఎం. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో అది దాదాపు 400తో సమానం.

కనిపించని ఖర్చులు

కెమెరా ధర మొదటి మెట్టే. 102 మెగాపిక్సెళ్ల ఫొటోని 16 బిట్లలో కుదించకుండా దాస్తే ఒక్కోటి 200 ఎంబీ దాటుతుంది. నాణ్యత పోకుండా కుదించి వంద ఎంబీకి తెచ్చినా, మూడు వేల ఫొటోలు తీస్తే 300 జీబీ. రెండు కాపీలు ఉంచుకోవాలి కదా... 600 జీబీ. పాత కంప్యూటర్ ఆ ఫైళ్లు తెరవడానికే ఆపసోపాలు పడుతుంది. లెన్సులు బరువు, ధరా బరువే. సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. స్టూడియోల్లో బాగా వాడే క్యాప్చర్‌వన్ ఫ్యూజీ ఫైళ్లని తెరుస్తుంది కానీ హాసెల్‌బ్లాడ్ ఫైళ్లని చాలాకాలం తెరిచేది కాదు. రెండో బాడీ మరో తలనొప్పి. పని మధ్యలో కెమెరా మొరాయిస్తే పక్కన ఇంకోటి ఉండాలి. రెండూ మీడియం ఫార్మాట్ కొనగలిగేవారు ఎందరు?

ఇప్పుడు చిన్న లెక్క. బాడీ, రెండు లెన్సులు, కంప్యూటర్, డిస్కులు అన్నీ కలిపి ఎనిమిది లక్షలు అయిందనుకుందాం. నాలుగేళ్లు వాడతారు. వడ్డీ, పాత కెమెరా అమ్మితే వచ్చేదీ పక్కనపెడితే ఏడాదికి రెండు లక్షలు. ఆ కెమెరా ఉంటేనే అయ్యే పనులు ఏడాదికి నలభై వస్తే, ఒక్కో పనిమీద పడేది ఐదు వేలు. రేటులో కలుపుకోవచ్చు, ఖాతాదారు కాదనడు. అవే ఐదు పనులొస్తే? ఒక్కోదాని మీద 40 వేలు! అప్పుడు అద్దెకి తెచ్చుకోవడమే నయం. పని ఒప్పుకునేటప్పుడే అద్దెని బిల్లులో చూపించి, బయానాలోనే రాబట్టుకుంటే చేతి నుంచి పడేదేమీ ఉండదు.

‘ఆ కెమెరా ఉంటేనే అయ్యే పనులు’ అన్నదే ఇక్కడ కీలకం. ఉన్న కెమెరాతోనూ అయ్యే పనుల్ని ఈ లెక్కలో కలపకూడదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ‘కెమెరా వస్తే పెద్ద పనులు వాటంతటవే వస్తాయి’ అనుకుంటారు. కానీ నగల దుకాణం యజమానికి సెన్సర్ కొలతలతో పనిలేదు. కేటలాగులో తన హారం ఎలా కనిపించిందన్నదే చూస్తాడు. అది లైటింగ్ చేతిలో పని. నాలుగు లక్షలు కెమెరాకి పెట్టే ముందు, అందులో నాలుగో వంతు మంచి లైట్లకీ, రంగులు సరిగ్గా చూపించే మానిటర్‌కీ పెడితే ఉన్న కెమెరా ఫొటోలే కొత్తగా కనిపిస్తాయి.

మరి నిర్ణయం ఎలా? ముందు గత ఏడాది బిల్లుపుస్తకం తీయాలి. ఫొటో చాల్లేదని, ఇంకా పెద్దగా, ఇంకా వివరంగా కావాలని ఖాతాదారు వెనక్కి పంపిన పనులెన్ని? సరంజామా లేక ఒప్పుకోలేకపోయిన పనులెన్ని? పట్టుమని పది కూడా లేకపోతే కొనాల్సిన అవసరం ఇంకా రాలేదన్నమాట. ఉంటే, మొదట రెండు మూడు పనులకి అద్దెకి తెచ్చి చేయాలి. ఆ ఫొటోలతో ధర పెంచి అడగాలి. ఖాతాదారు మారుమాట్లాడకుండా ఇస్తే కొనే రోజు వచ్చినట్టే. బేరం మొదలుపెడితే, ఎనిమిది లక్షల అప్పు బదులు కొన్ని వేల అద్దెతోనే అసలు సంగతి తెలిసినట్టు.